గులాబీ రేకు అడుగున

టేపు తాత చెప్పే తోటమాలి కథలో గులాబీ పువ్వు ఏటేటా పెరుగుతూ వచ్చింది. మొదటి ఏడు అది అన్నం పళ్ళెమంత. పదో ఏటికి గొడుగంత. వాన వస్తే తోటపని వాళ్ళందరూ దాని కిందకే పరుగెత్తేవాళ్ళట. పోయినేడు చెప్పినప్పుడు ఒక్క రేకుతో ఆరడుగుల మనిషి కోటుకు లైనింగ్ వేసి, మిగిలిన పీలికతో లోపలి జేబు కూడా కుట్టొచ్చునన్నాడు. ఆ తోటలో తేనెటీగలను మెడకు తాడు కట్టి మేతకు తోలుకెళ్ళేవాళ్ళు. తోటమాలి వయసు కూడా పువ్వుతో పోటీపడింది. మొదట డెబ్బై ఉండేది, ఇప్పుడు నూట పద్దెనిమిది దగ్గర ఆయాసపడుతోంది. అంత వయసులో ఆయన నాలుగో పెళ్ళికి బయల్దేరుతుంటే ప్యాంటు వెనక పర్రున చిరిగిందట. అప్పటికి మీసాలైనా రాని మన దర్జీ తాత, పెళ్ళికొడుకును నిలబెట్టి, ప్యాంటు విప్పించకుండా, ఒంటికి సూది తగలకుండా, నిమిషంలో నలభై కుట్లు వేశాడు. ఆ సంతోషంలో ముసలాయన దర్జీ చెవిలో ఒక రహస్యం ఊదాడు. అదే గులాబీ నిమ్మరసం చేసే రహస్యం.

విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నమ్మేవాళ్ళా అంటే, చేతిలో గ్లాసు ఉన్నంతసేపు నమ్మేవాళ్ళు.

గ్లాసు మాత్రం అబద్ధం కాదు. ఇంటి ముందుగదే తాత కుట్టు దుకాణం. కిటికీ పక్కన మిషన్, మధ్యలో బట్ట కత్తిరించే పొడుగు బల్ల, గోడవారన ముగ్గురు పట్టే బెంచీ. నిద్రలో కూడా మెడలోంచి టేపు తీయడు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని టేపు తాత అంటుంది. ఎండాకాలంలో ఆ బెంచీ మీద కూర్చున్నవాడికి గ్లాసు రాకుండా ఉండదు. కొలతలిచ్చిన రోజు ఒక గ్లాసు. "ఇంకా గుండీలు కుట్టాలి, రేపు రండి" అనిపించుకున్న ప్రతిరోజూ ఒక గ్లాసు. బట్టలు ఆలస్యమైతేనే మురిసిపోయేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఆ నిమ్మరసం చూడ్డానికి సాయంత్రపు ఆకాశంలా ఉండేది. నాలిక మీద పులుపు, ఆ వెంటనే తీపి, గుటక దిగాక ముక్కు వెనకనుంచి తీరిగ్గా వచ్చే గులాబీ వాసన.

వంటగదిలో ఆ గ్లాసులు నింపేది తాత భార్య. పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర నిలబడి తోటమాలి కథ వినేది. చిన్నగా నవ్వేది. ఆ నవ్వును ముప్ఫై ఎనిమిదేళ్ళు తాత తన కథకు చప్పట్లనుకున్నాడు.

పోయిన వేసవి చివర్లో దర్జీల సంఘం సమావేశమైంది. తాత నలభై సీసాల నిమ్మరసం పట్టుకెళ్ళి, మైకు ముందు నిలబడి, తోటమాలికి ఐదో పెళ్ళి కూడా చేశాడు. భార్య మూడో వరసలో కూర్చుని ఉంది. ఎవరో కుర్చీలోంచి లేచి, "అమ్మా, మీరు కూడా ఓ చెయ్యి వేస్తారా?" అని అడిగారు. ఆవిడ నోరు తెరిచేలోపే మైకులోంచి తాత గొంతు వచ్చింది.

"ఆవిడా! నిమ్మకాయలు పిండుతుంది. పంచదార ఎంత వెయ్యాలో ఇప్పటికీ నన్నే అడుగుతుంది."

హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. ఇంటికొచ్చి నలభై ఖాళీ సీసాలూ కడిగి బోర్లించింది. మర్నాడు పొద్దున్నే ఒక సంచీ సర్దుకుని, "చెల్లి దగ్గర వారం రోజులుండి వస్తా" అంది. చెల్లెలి ఇల్లు రెండు వీధుల అవతల. వారం దాటింది. వానలు దాటాయి, చలి దాటింది. పెరట్లో ఆవిడ పెంచిన గులాబీ మొక్కలు మళ్ళీ విరగబూశాయి. ఆవిడ రాలేదు.

తాత వెళ్ళి పిలవలేదు. 'పోట్లాడుకుంటే కదా బతిమాలడానికి' అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. బెంచీ మీద వాళ్ళకు మాత్రం మరదలి మోకాలు వాచిందని, అక్క తోడుండాల్సి వచ్చిందని చెప్పాడు. ఆ మోకాలు కూడా నెలనెలా పెరిగి, మొన్నమొన్నటికి తలుపులోంచి పట్టనంత అయింది.

ఆ మోకాలి మనిషే ఒకరోజు ఫోన్ చేసింది.

"బావగారూ, అక్క తన గిన్నె పంపమంటోంది."

తాత నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. "ఏ గిన్నె?"

"నీలి అంచుది. తెల్లటి ఎనామిల్ గిన్నె. ఇక్కడ కూడా గులాబీలు పూశాయి. రేకులు నానెయ్యడానికి నా గిన్నెలు పనికిరావట."

"దానికంత తొందరేముంది? తనొచ్చినప్పుడు తీసుకుంటుందిలే."

"తనే వచ్చేటట్టయితే గిన్నె అక్కడినుంచి ఇక్కడికెందుకు బావగారూ?" అని మరదలు ఫోన్ పెట్టేసింది.

తాత వంటగదిలోకి వెళ్ళి గిన్నె దించాడు. పిడి దగ్గర గోరంత పెచ్చు ఊడిన గిన్నె. చీరలు తీసుకెళ్ళలేదు, దిండు తీసుకెళ్ళలేదు, గిన్నె ఒక్కటే అడుగుతోంది. ఇది గడప దాటిందంటే ఆవిడ ఇక రాదు. ఇంత సంగతి అర్థం కావడానికి టేపుతో కొలవక్కర్లేదు.

ఎవరైనా అయితే అప్పుడే చెప్పులేసుకుని వెళ్ళి, "తప్పయిపోయింది, ఇంటికి పద" అనేవాళ్ళు. తాతకు వేరే దారి తోచింది. ఆవిడకు కోపమంతా తను చేయలేనిదాన్ని చేశానని చెప్పుకున్నందుకు కదా. చేసి చూపిస్తే ఆ కోపానికి కాళ్ళుండవు. ఒక సీసా నింపి ముందు పెడితే నవ్వేస్తుంది. నవ్విందంటే వచ్చేసినట్టే. అలిగిన భార్య దగ్గరికి తన మాటే గెలిపించుకోవడానికి సీసా పట్టుకెళ్ళాలన్న ఆలోచన లోకంలో ఇంకెవరికైనా వస్తుందో రాదో గానీ, తాతకు మాత్రం అది బ్రహ్మాండంగా కనిపించింది.

మిట్టమధ్యాహ్నం ఎండలో పూలు కోశాడు. దర్జీ కదా, రేకులు గిన్నెలో పోసి టేపు దించి కొలిచాడు. నాలుగంగుళాల ఎత్తు. ప్రతి రేకు అడుగున, గోటి మొదట్లో ఉండే చంద్రవంకంత తెల్లటి చోటు ఉంది. బట్టకు కుట్టు కోసం వదిలే అంచులా ఉందని ముచ్చటపడ్డాడు. పువ్వు కుట్టినవాడు కూడా పనితనం తెలిసినవాడే అనుకున్నాడు. అంచు కత్తిరించే అలవాటు తనకు పుట్టి బుద్ధెరిగాక లేదు. అలాగే ఉంచేశాడు. నిమ్మకాయలు పిండాక తొక్కలు పారేయడానికి మనసొప్పక అవీ వేశాడు. నీళ్ళు పోసి, పంచదార పోసి, మంట పెద్దది చేసి మిషన్ దగ్గరికెళ్ళి ఒక చొక్కాకు రెండు చేతులూ కుట్టి వచ్చాడు. గిన్నెలో ఉన్నది కళపెళా ఉడుకుతూ ఇటుకరాయి రంగుకు తిరిగింది. చల్లారాక ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు.

చేదు. నాలిక మీద కూర్చుని కదలనని మొండికేసిన చేదు.

రెండోసారి పంచదార రెండింతలు పోశాడు. అది అడుగంటి, తెల్లటి గిన్నె అడుగున నల్లటి మచ్చ పడింది. మూడోసారికి మొక్కల మీద పూలన్నీ అయిపోయాయి. ఈసారి మంట కాస్త తగ్గించాడు. చేదు కూడా కాస్తే తగ్గింది.

అప్పుడే పోస్ట్‌మాన్ గుమ్మంలోకి వచ్చి ముక్కు ఎగబీల్చాడు. పదహారేళ్ళుగా ఆ బెంచీ మీద గ్లాసు తాగిన మనిషి.

"తాతా! మామ్మగారు వచ్చేశారా ఏంటి?"

"గులాబీ వాసన వస్తోంది కదూ?"

"లేదు, ఏదో మాడిన వాసన వస్తోంది. కానీ వంటింట్లోంచి వస్తోంది కదా అని."

"కూర్చో పోస్టూ. కొత్తరకం. ఇదిగో తాగు."

పోస్ట్‌మాన్ గుక్కెడు తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. "తాతా, నాకేమైనా జబ్బని ఎవరైనా చెప్పారా నీకు?"

"ఏం? ఆరోగ్యానికి మంచిది."

"ఎవరి ఆరోగ్యానికి?"

"తాగవోయ్, మొదట అలాగే ఉంటుంది."

"మొదటే ఇలా ఉంటే చివర చూడ్డానికి నేనుండను. తోటమాలి చెవిలో చెప్పింది మర్చిపోయావా?"

తాత మెడలో టేపు సర్దుకున్నాడు. "నూట పద్దెనిమిదేళ్ళవాడు. పళ్ళు లేవు. సగం మాటలు మింగేశాడు."

పోస్ట్‌మాన్ పగలబడి నవ్వి, గ్లాసును రెండు చేతులతో పట్టుకెళ్ళి బల్ల మధ్యలో పెట్టాడు. "ఇంకా సంచీడు ఉత్తరాలున్నాయి తాతా. నేను బతికుంటేనే అవి చేరేది" అంటూ సైకిలెక్కాడు.

అయినా తాత సీసా నింపాడు. గిన్నెను తోమి, మచ్చ పోకపోతే ఇంకోసారి తోమి, బీరువా మీద గుడ్డకట్టల వెనక దాచాడు. సీసా చంకన పెట్టుకుని రెండు వీధులూ దాటాడు. టేపు మెడలో అలాగే ఉంది.

మరదలు తలుపు తీసి, "రండి బావగారూ. గిన్నె తెచ్చారా?" అంది.

"అంతకంటే మంచిది తెచ్చాను."

ఆవిడ పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఒడిలో రేకుల పళ్ళెం, పక్కన పరిచిన పాత పేపరు. భర్తను చూసి తల ఊపింది, ఎవరైనా వచ్చినప్పుడు ఊపినట్టే. తాత సీసా ముందు పెట్టాడు. "తాగి చూడు. మొత్తం నా చేత్తో చేశాను."

ఆవిడ మూత తీసి వాసన చూసింది. అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని నాలికకు తగిలించుకుంది. చేయి కొంగుకు తుడుచుకుంది.

"ఎండలో కోశారు. తొక్కలు వేశారు. మరిగించారు" అంది. కోపం లేదు, డాక్టరు రోగం పేరు చెప్పినట్టుంది. "రేకులకు తెలుపు తీయలేదు."

"తెలుపా?"

"ఎవరు చెప్పారు మీకు మరిగించమని?"

"ఇంకెవరక్కా, తోటమాలి అయ్యుంటాడు" అంది మరదలు తలుపు దగ్గర నుంచి.

తాత నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అప్పటికి ఆయన కళ్ళు పేపరు మీద పడ్డాయి. రేకుల అడుగు నుంచి కోసిన తెల్లటి ముక్కలు కుప్పగా ఉన్నాయి. తను ముచ్చటపడి వదిలేసిన అంచులు. ఆవిడ ఒక రేకు తీసుకుంది, బుల్లి కత్తెరతో చిటుక్కున తెలుపు కోసింది, రేకు ఒకవైపు, తెలుపు ఒకవైపు. ఇంకో రేకు. ఇంకోటి.

"చేదంతా అందులోనే ఉంటుంది" అంది.

"ఇన్ని రేకులకూ? ఒక్కొక్కదానికీ?"

"గిన్నెకు ఐదారు వందలు."

"ఎప్పుడు చేసేదానివి ఇది? నేనెప్పుడూ చూడలేదే?"

"మీ మిషన్ వెనక కూర్చుని. నాకు మీ వీపు కనపడేది."

తాత మెట్టు మీద కూర్చున్నాడు. ఆవిడ బొటనవేలి గోరు కనిపించింది. అంచున ఎర్రగా, గోధుమగా, ఎప్పటికీ పోని మరక. ఆ మరక మీద ఆయన వందసార్లు జోకులేశాడు. "మా ఆవిడ ఒక్క వేలికే రంగేస్తుంది, మిగతా తొమ్మిదింటికీ బద్ధకం" అనేవాడు, బెంచీ నవ్వేది. ఇప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. పెళ్ళయిన రెండో ఏడు. బెంచీ మీద ముగ్గురున్నారు. ఆవిడ బల్ల మీది బట్ట కత్తెర తీసుకుని ఒళ్ళో రేకులు కోసుకుంటోంది. తను మిషన్ దగ్గర నుంచి లేచి, ఆ ముగ్గురి ముందే కత్తెర లాక్కున్నాడు. "ఇది మనకు తిండి పెట్టే కత్తెర! పూలు కోసి మొద్దు చేస్తావా?" అన్నాడు. ఆవిడ రేకులు కొంగులో మూటగట్టుకుని లేచింది. ఆ తర్వాత కత్తెర ముట్టలేదు. ముప్ఫై ఆరేళ్ళు గోటితో గిల్లింది.

"ఒక్క మాట అంటే ఇంకో కత్తెర కొనిచ్చేవాణ్ణి కదే" అన్నాడు.

"మీరు అడిగితే చెప్పేదాన్ని" అంది ఆవిడ, ఇంకో రేకు తీసుకుంటూ.

ఆ రాత్రి తాత ఎవరి బట్టలూ ముట్టలేదు. పెద్ద కత్తెరను రాతి మీద సాన పెట్టాడు. రెక్కలు కలిసే చోట మరకు నూనె వేశాడు. ఆ కత్తెరను ఆయన పక్క దర్జీకి కూడా ఎరువిచ్చినవాడు కాడు. ఒకసారి దొంగ వస్తే బీరువా తాళాలు వాడికిచ్చి, కత్తెర మాత్రం దిండు కింద పెట్టుకుని పడుకున్నానని చెప్పుకునేవాడు. దొంగ సంగతి మనం నమ్మక్కర్లేదు, కత్తెర సంగతి నిజమే. దాచుకున్న ముదురు ఎరుపు మఖ్మల్ ముక్కతో దానికి తొడుగు కుట్టాడు. రెండు వైపులా లైనింగ్ వేశాడు. ఏ పెళ్ళికొడుకు కోటుకూ అంత సన్నని కుట్టు వేయలేదు.

మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నీకే. ఇక దీంతో పూలు కోసుకుంటావో, కాగితాలు కోసుకుంటావో నీ ఇష్టం. ఇంట్లోనే ఉంటుంది, నీకెప్పుడు కావాలంటే అప్పుడు..."

ఆవిడ తొడుగు విప్పింది. లోపలి కుట్టు మీద వేలు నడిపించింది. "బాగా కుట్టారు" అంది. కత్తెర తీసి రెండుసార్లు ఆడించి చూసింది. మళ్ళీ తొడుగులో పెట్టింది.

"బరువండీ. దీంతో ఐదు వందల రేకులంటే చెయ్యి పడిపోతుంది. ఆ రోజే నా చేతిలో ఉండనిస్తే ఈపాటికి అలవాటై ఉండేది."

"ఇప్పుడలవాటు చేసుకో."

"నాకు చిన్నది ఉంది. చెల్లి కొనిచ్చింది." ఆవిడ తొడుగును ఆయన చేతిలో తిరిగి పెట్టింది. "నేనడిగింది గిన్నె."

"గిన్నె ఇచ్చేస్తే..." అని తాత ఆగాడు. కొండంత మోకాళ్ళను, గొడుగంత పూలను అవలీలగా మోసిన నోరు, ఆ మిగతా నాలుగు మాటలూ మోయలేకపోయింది.

"ఇచ్చేస్తే?"

"ఏం లేదు. తెస్తాను."

తెచ్చాడు. ఆవిడ గిన్నెను వెలుగులోకి తిప్పి అడుగు చూసింది.

"మాడ్చారు."

"తోమాను."

"తోమలేదు."

కుళాయి కింద కూర్చుని పీచుతో రుద్దడం మొదలుపెట్టింది. "నేను రుద్దుతా ఇలా ఇవ్వు" అన్నాడు తాత. ఆవిడ ఇవ్వలేదు. సగం మచ్చ పోయింది. సగం ఉండిపోయింది. ఆ సగాన్ని కాసేపు చూసి, ఇక చాలన్నట్టు నీళ్ళు వంచేసింది.

తర్వాత తాత జీవితంలో మొదటిసారి గులాబీ నిమ్మరసం ఎలా చేస్తారో చూశాడు. పోయిన సాయంత్రం నుంచీ చెల్లెలి జాడీలో పంచదారతో పిసికి ఉంచిన రేకులు చిన్నబోయి, చెమ్మబట్టి, ముద్దలా ఉన్నాయి. వాటిని గిన్నెలోకి వంచి, వేడి నీళ్ళు పోసి మూత పెట్టింది. పొయ్యి దగ్గరికి కూడా తీసుకెళ్ళలేదు. చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టింది. వచ్చిన నీరు వెలిసిన ఊదారంగులో ఉంది. ఇదా అనుకున్నాడు తాత. అప్పుడు ఆవిడ గింజలు తీసిన నిమ్మరసం అందులోకి సన్నటి ధారగా వదిలింది. ధార పడిన చోట ఎరుపు పుట్టింది. పుట్టి, గిన్నె అంచులదాకా పాకింది.

"అబ్బ!" అన్నాడు తాత. ఏ తోటమాలి కథలోనూ ఇది లేదు. ఉంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

ఆవిడ గ్లాసు నింపింది. పళ్ళెంలో పెట్టి, పళ్ళెం ఆయన ముందు ఉంచి, రెండడుగులు వెనక్కి వేసి తలుపు దగ్గర నిలబడింది. బెంచీ మీద వాళ్ళకు ఎలా ఇచ్చేదో అచ్చం అలాగే. తాత తాగాడు. అదే పులుపు, ఆ వెంటనే తీపి, ఆ తర్వాత గులాబీ.

"రేపు ఇంటికొస్తావా?"

"రేపూ చేస్తాను" అంది ఆవిడ, ఖాళీ గ్లాసు తీసుకుంటూ. "దాహమైతే రండి."

మూడు రోజుల తర్వాత పోస్ట్‌మాన్ ఒక ఉత్తరం ఇచ్చి బెంచీ మీద చతికిలబడ్డాడు. బల్ల మీద గ్లాసు లేదు, ఎర్ర మఖ్మల్ తొడుగులో కత్తెర ఉంది.

"పోనీలే తాతా, గ్లాసు లేకపోయినా తోటమాలి కథైనా చెప్పు. ఎండలో తిరిగి తిరిగి వచ్చా. ఈ ఏడు గులాబీ ఎంతయింది?"

తాత మిషన్ ఆపాడు. బొటనవేలు పైకెత్తి గోరు చూపించాడు.

"ఇంతే."

"అదేంటి? పోయినేడు కోటుకు లైనింగ్ వచ్చింది కదా!"

"రేకు ఇంతే ఉంటుంది. అడుగున తెల్లగా ఉంటుంది."

"మరి తోటమాలి చెవిలో ఏం చెప్పాడు?"

"నాకెవరూ ఏమీ చెప్పలేదు పోస్టూ. నేనెవర్నీ అడగలేదు."

నవ్వడానికి సిద్ధంగా నోరు తెరిచి పోస్ట్‌మాన్ కాసేపు ఎదురుచూశాడు. నవ్వాల్సిన చోటు రాలేదు. "మామ్మగారి చెల్లెలి మోకాలు ఎలా ఉంది?" అని మెల్లగా అడిగాడు.

"బాగానే ఉంది" అన్నాడు తాత. "మొదటినుంచీ బాగానే ఉంది."

పోస్ట్‌మాన్ కుండలోంచి తనే మంచినీళ్ళు ముంచుకుని తాగి, సంచీ భుజాన వేసుకున్నాడు. తాత తొడుగులోంచి కత్తెర తీసి, బల్ల మీద బట్ట పరిచి, సుద్దగీత పక్కన అంగుళం అంచు వదిలి కోయడం మొదలుపెట్టాడు.